పురుగులింటి బెల్లం

మొన్న మా అమ్మాయి హాసిని చదివే బడివాళ్ళు తల్లిదండ్రులందరినీ పిలిచి కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టారు. కుప్పంలో ఇప్పుడు ఇదేమీ వింత కాదు. ప్రతి బడిలోనూ ఒక చల్లని గది, అందులో వరసగా తెరలు, అన్నిటినీ కలిపే కంటికి కనబడని నెట్‌వర్కు ఉంటాయి. నేను మాత్రం గడప దగ్గర అలవాటుగా చెప్పులు విడిచాను. విడిచి తలెత్తి చూస్తే అందరూ బూట్లతో, చెప్పులతో టకటకమని లోపలికి పోతున్నారు. "వేసుకోమ్మా, అందరూ చూస్తాండారు" అని హాసిని నా కొంగు లాగింది. వేసుకున్నాను. అయినా ఏదో తప్పు చేస్తున్నదానిలా గది చివరిదాకా మునివేళ్ళ మీదనే నడిచాను. చిన్న వయసు టీచరమ్మ ఒకామె తలా ఒక కాగితం ఇచ్చి, బడి నెట్‌వర్కును పిల్లలు ఎలా వాడుకోవాలో చదివి వినిపించింది. నా పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పను. ఇంకొకరి పేరుతో లోపలికి పోను. ఇతరుల ఫైళ్ళు తెరవను, చెరపను. బయటి పెన్‌డ్రైవ్ తెచ్చి పెట్టను. ఎవరినీ కించపరిచే మాట రాయను. తప్పితే మొదటిసారి ఈ శిక్ష, రెండోసారి ఆ శిక్ష. అన్నీ మంచి మాటలే, నేను కాదనను. కానీ నేను ఆ కాగితాన్ని పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి చదివాను. నాకు కావలసిన ఒక్క మాట అందులో లేదు. లేదని తెలిసేసరికి భయం పట్టుకుంది. నలభై దాటినదాన్ని, కాగితం చూసి ఇంత భయపడడమేమిటని నన్ను నేనే తిట్టుకుని సంతకం చేశాను. పక్కన హాసిని కూడా చేసింది. దాని అక్షరాలు వంకర్లు పోయాయి. ఏసీ చలికేమో అనుకున్నాను.

ఆ భయం ఎక్కడిదో చెప్పాలంటే ముందు మా పురుగులిల్లు గురించి చెప్పాలి. మాది పుంగనూరు దగ్గర పల్లె. నేను పుట్టకముందు నుంచే మా ఇంట్లో పట్టుపురుగులు మేపేవాళ్ళు. మేముండే ఇంటికి పెంకులు జారి వాన కారినా "కానీలే" అనే మా నాయన, పురుగులింటి కప్పులో చిల్లు పడితే అన్నం మానేసి నిచ్చెన ఎక్కేవాడు. గడప ముందర బ్లీచింగు నీళ్ళ తొట్టి, అందులో కాళ్ళు ముంచి లోపలికి పోవాలి. తలకు వాసన నూనె రాసుకుని పోరాదు. మొహానికి పౌడరు వేసుకుని పోరాదు. వంటింట్లో తాలింపు పెట్టేటప్పుడు అటువైపు తలుపు మూసెయ్యాలి. మా మేనమామ ఒకసారి పెళ్ళి చూసుకుని అత్తరు పూసుకునే వచ్చి గుమ్మంలో నిలబడితే, మా అవ్వ చీపురు పట్టుకుని ఆయన్ను కల్లం దాకా తరిమింది. కొత్త పంట మొదలయ్యే ముందు గదంతా మందునీళ్ళతో కడిగేవాళ్ళు. ఆ ఘాటుకు ఇంటిల్లిపాదికీ కళ్ళు ఎర్రబడేవి, రెండు పూటల అన్నంలోకి కూడా ఆ వాసనే వచ్చేది. ఆ తర్వాత వారాల తరబడి మల్బరీ ఆకు వాసన, సున్నం వాసన. పురుగులు పెద్దవై ఆకు కొరికేటప్పుడు, పక్కగదిలో ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు ఆగకుండా చప్పుడు. ఆ చప్పుడు వింటూ నిద్రపోయిన పిల్లలం మేము, అది ఆగితేనే మెలకువ వచ్చేది.

ఇంకొకటి కూడా చెప్పాలి. పురుగుల తట్టలు పేర్చిన స్టాండు కాళ్ళ కింద మట్టి మూకుళ్ళు పెట్టి నీళ్ళు పోసేవాళ్ళం. పట్టుపురుగుకు చీమ పగ. నీళ్ళు దాటి చీమ స్టాండు కాళ్ళెక్కలేదు. పొద్దున లేచి మొహం కడుక్కోకముందే ఆ మూకుళ్ళలో నీళ్ళున్నాయా, ఇంకిపోయాయా అని చూడడం ఇంట్లో పిల్లల పని. మా పక్క పురుగులు మేపే ఏ ఇంటికి పోయినా ఇదే పద్ధతి. మాకు అది ఒకరు నేర్పిన విద్య కాదు, చూసి చూసి చేతికి పట్టిన పని. దాని వల్లనే ఒక బిడ్డ బతుకు మీదికి వస్తుందని ఎవరనుకుంటారు?

మా అవ్వ నోరు పెద్దది. ఆమె తిట్టని మనిషీ లేడు, గొడ్డూ లేదు, కోపమొస్తే దేవుణ్ణి కూడా "నీ కండ్లు కాకులు పొడిచినాయా" అని నిలదీసేది. అలాంటి మనిషి పురుగులింటి గడప దాటితే గొంతు తగ్గించేది, ఎవరినీ ఒక్క మాట అనేది కాదు. దానికి కారణం మా అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో జరిగింది. పురుగులకు పాలరోగమని ఒకటి వస్తుంది. పురుగు పచ్చగా ఉబ్బి, తోలు చిట్లి, పాలలాంటి నీరు కారుస్తుంది. ఆ నీరు తగిలిన ఆకు తిన్న పురుగులన్నిటికీ అంటుకుంటుంది. అమ్మ ఒకరోజు అలాంటి పురుగును చూసింది. చూసి, అత్త తిడుతుందని భయపడి, ఎవరికీ చెప్పకుండా తీసి గోడ అవతల పారేసింది. మరునాడు ఇంకొన్ని కనబడ్డాయి. వాటినీ అట్లే చేసింది. అవ్వ కంట పడేసరికి తట్టలన్నీ కారిపోతున్నాయి. గూళ్ళు కట్టాల్సిన పంటనంతా గుంత తవ్వి సున్నం చల్లి పూడ్చారు. యాల చెప్పలేదమ్మా అని తాత అడిగితే, అత్త తిడతాదని చెప్పలేదని అమ్మ ఏడ్చిందట. అవ్వ ఆ గుంత గట్టు మీద కూర్చుని, "రోగం గాదు, నా నోరు తినేసింది పంటని" అని లేచి వచ్చిందని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది.

అప్పటినుంచి మా పురుగులింట్లో ఒక పద్ధతి వచ్చింది. జబ్బు పురుగు ఎవరి కంట పడ్డా అక్కడే నిలబడి "ఈడుండాది" అనాలి, అని చెయ్యి చాపాలి. అవ్వ పుల్లలతో ఆ పురుగును తీసి సున్నపునీళ్ళ గిన్నెలో వేసి, చేతులు కడుక్కుని, చెంగున ముడేసుకున్న బెల్లం ముక్కను ఆ చాపిన చేతిలో పెట్టేది. నోరెత్తి తిట్టేది కాదు, తర్వాత మనసులో పెట్టుకునేదీ కాదు. ఒకసారి వానలో తడిసిన ఆకును ఆరబెట్టకుండా నేనే వేసి, రెండు రోజులకు భయపడుతూనే ఆ సంగతి కూడా చెప్పాను. ఆ రోజు మామూలు కంటే పెద్ద ముక్క దొరికింది. ముసలామె ఇల్లంతా వినబడేలా తిట్టుకుంటూ పోయింది, కానీ నన్ను కాదు, వానను.

ఆరో తరగతి అయ్యాక నన్ను మదనపల్లెలో ఆడపిల్లల హాస్టలు బడిలో చేర్చారు. శతాబ్దం మారబోతున్న రోజులవి. మదనపల్లె పేరు చెబితే నాకు ఇప్పటికీ మొదట ముక్కుకు తెలిసేది టమోటా మండి పులుపు. గాలి అటునుంచి తిరిగిందంటే హాస్టలు వరండా అంతా అదే వాసన. కూరా టమోటానే, చారూ టమోటానే, పచ్చడీ టమోటానే. తెల్లవారు చలికి వణుకుతూ కుళాయి దగ్గర వరస కట్టేవాళ్ళం. వాటన్నిటికంటే బాగా గుర్తున్నది తాళాల గుత్తి చప్పుడు. మా బడి పెద్దమేడమ్ నడుముకు అది ఎప్పుడూ వేలాడుతుండేది, చేతిలో బెత్తం ఉండేది. ఆ గల్లుగల్లు వినబడగానే నవ్వుతున్నవాళ్ళ నవ్వు ఆగిపోయేది, చదువుతున్నవాళ్ళ గొంతు పెరిగేది. తప్పు చేసినవాళ్ళే కాదు, ఏమీ చెయ్యనివాళ్ళు కూడా గోడకు అతుక్కుని దారి ఇచ్చేవాళ్ళు. పిల్లలకు భయం ఉండాలని ఆమె ప్రతి ప్రార్థనలోనూ చెప్పేది. ఆ విషయంలో మేము ఆమెకు ఏ లోటూ రానివ్వలేదు.

హాస్టల్లో నా చాప పక్క చాప మునిరత్నది. కుప్పం అవతల, అరవదేశం గట్టున ఉన్న పల్లె వాళ్ళది. మాట మధ్యలో "ఆమా" అని అరవం కలిపేది, మేము నవ్వితే తనూ నవ్వేది. వాళ్ళ ఇంట్లోనూ పురుగులు మేపేవాళ్ళు, సొంత తోట లేదు, ఒకరి మల్బరీ తోటలో పంటలో పాలికి చేసేవాళ్ళు. వాళ్ళ నాయన ఎవరెవరి కాళ్ళో పట్టుకుని ఆమెకు ఫీజులేని సీటు సంపాదించాడు. ఆ సీటు పోతే ఏమవుతుందో మునిరత్నకు బాగా తెలుసు. వాళ్ళ అక్క పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసే చోట పని చేసేది. పొద్దస్తమానం సలసల కాగే నీళ్ళలో వేళ్ళు పెట్టి దారం కొన వెతకాలి. అక్క వేళ్ళు తెల్లగా నానిపోయి, చివర్లు పగిలి, అన్నం కలిపితే మండి ఏడ్చేదని మునిరత్న చాలాసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా తన వేళ్ళను చంకల్లో దాచుకునేది. ఆ వేళ్ళు కంప్యూటర్ మీటల మీద పడితే మాత్రం చూసి తీరాలి. మేమందరం అక్షరం వెతుక్కుంటూ ఒక్క వేలితో పొడుస్తుంటే, అది పది వేళ్ళతో, తెర మీంచి చూపు తిప్పకుండా కొట్టేది.

ఆ కంప్యూటర్లు మా బడిలో ఒకప్పుడు చదివి బెంగళూరులో స్థిరపడినవాళ్ళు ఇచ్చారు. వాళ్ళ ఆఫీసుల్లో తీసేసినవే, మాకు మాత్రం కొత్త పెళ్ళికూతుళ్ళు. బడిలో ఏసీ ఉన్నది ఆ ఒక్క గదికే. గడప ముందర చెప్పులు విడిచి, కాళ్ళు కడిగి తుడుచుకుని పోవాలనగానే మునిరత్నా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. ఇది మన పురుగులిల్లే మే, అంది అది నా చెవిలో. కంప్యూటర్ సారు సన్నగా, ఎప్పుడూ ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూసే మనిషి. చొక్కా జేబులో పెన్నుకు బదులు స్క్రూడ్రైవరు ఉండేది. ఆయన మా చేత రోజూ నియమాలు అప్పజెప్పించేవాడు. ఒకరి ఫైలు ఇంకొకరు ముట్టరాదు, పాస్‌వర్డ్ చెప్పరాదు, తినే వస్తువులు తేరాదు, తీగ తాకరాదు. తీగ సంగతి మాత్రం రెండుసార్లు చెప్పించేవాడు. ఒక నల్లని తీగ బల్ల నుంచి బల్లకు దారంలా పోయి అన్ని మిషన్లనూ కలిపేది, రెండు కొనలకూ వెండి రంగు బిరడాలు. మేము రాసుకున్నవన్నీ ముందు బల్ల మీది పెద్ద మిషన్లో ఉండేవి. మధ్యలో ఎక్కడ వదులైనా, కొన బిరడా పాడైనా, ఒక్కరిది కాదు, అందరి తెరలూ ఆ పెద్ద మిషను దొరకడం లేదని చెప్పి ఊరుకుంటాయి. లోపం ఎక్కడుందో మాత్రం చెప్పవు. పూలదండకు ఒకచోట దారం తెగితే అన్ని పూలూ రాలినట్టేనని సారు అనేవాడు. ఇన్ని నియమాల్లో తెగితే ఏం చెయ్యాలో చెప్పే నియమం లేదని అప్పుడు నాకు తోచలేదు.

ఒక సెలవులకు మునిరత్న వాళ్ళ ఊరికి పోకుండా నాతో మా పల్లెకు వచ్చింది. వచ్చిన రెండో రోజే, తట్ట మారుస్తూ జబ్బు పురుగును చూసి, చాటుగా తీసెయ్యబోయింది. వాళ్ళ ఇంట్లో చెబితే దెబ్బలు పడతాయి. నేను చెయ్యి పట్టి ఆపి మా పద్ధతి చెప్పాను. నమ్మలేనట్టు నా వైపు చూస్తూనే "ఈడుండాదవ్వా" అని అరచెయ్యి చాపింది. అవ్వ బెల్లం పెట్టి, దాని తల నిమిరి, "ఈ బిడ్డకు కండ్లు బాగుండాయి" అంది. మునిరత్న ఆ ముక్కను వెంటనే తినలేదు. సాయంత్రం దాకా గుప్పిట్లో పెట్టుకుని, కరిగి వేళ్ళకంటుకున్నాక నాకింది.

తర్వాత కొన్నాళ్ళకు బెంగళూరు నుంచి ఆ దాతలు వస్తున్నారన్నారు. ఒక పిల్ల ఒక మిషన్లో వాక్యం రాస్తే అది గది అవతలి మిషన్లో ఎలా కనబడుతుందో వాళ్ళకు చూపించాలి. రాసే పిల్ల మునిరత్నే. ముందు రోజు పొద్దున పెద్దమేడమ్ వాళ్ళకోసం తెప్పించిన మైసూరుపాకు, లడ్ల పెట్టెలు తెచ్చి కంప్యూటర్ గదిలోనే పెట్టించింది. చల్లగా ఉంటుంది, తాళం ఉంటుంది. తినే వస్తువులు తేరాదని రాసిన అట్ట కిందనే బెంచి వేసి పెట్టెలు పేర్చారు. సారు ఆ అట్ట వైపు ఒకసారి చూసి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. ఆ గది ఊడ్చే వంతు ఆ రోజు మునిరత్నకూ నాకూ పడింది. నేను చెత్త పారబోసి వచ్చేసరికి మునిరత్న నేల మీద మోకాళ్ళూని ఉంది. గోడవెంట చీమలు బారులు కట్టి బెంచి కాళ్ళెక్కుతున్నాయి. అది వంటింట్లోంచి స్టీలు గిన్నెలు తెచ్చి, బెంచి కాళ్ళు వాటిలో పెట్టి, నీళ్ళు పోసింది. స్వీట్లకు చీమలు పడితే మేడమ్ మనల్నే కదా అంటుంది అంది. నాకు అందులో తప్పు కనబడలేదు. అది పోయకపోతే నేను పోసేదాన్ని. మదనపల్లె పిల్లలెవరైనా చీమలను చీపురుతో చిమ్మి ఊరుకునేవాళ్ళేమో, మేము మాత్రం ఇంకోలా చెయ్యలేం.

ఆ గోడవెంటనే తీగ కొన వేలాడుతోంది. మేము పోయాక ఎప్పుడో బెంచి తగిలో, గాలికో, ఆ వెండి బిరడా జారి గిన్నెలో మునిగింది. మధ్యాహ్నం పెద్ద తరగతి పిల్లలతో పాటు మునిరత్ననూ నన్నూ కూర్చోబెట్టి సారు రేపటి పాఠం చేయించబోతే ఒక్క తెరా పలకలేదు. సారు ముందు బల్ల దగ్గరికి పరుగెత్తాడు, వెనక్కి వచ్చాడు, స్క్రూడ్రైవరు చేతిలోంచి జారిపోయింది. మునిరత్న మెడ తిప్పి బెంచి వైపు చూసింది, అప్పుడు దాని రంగు మారడం నేను చూశాను. గంట కొట్టి అందరూ పోయాక అది వెనక ఉండిపోయి, గిన్నెలు తీసేసి, బిరడాను ఓణీతో తుడిచి గోడకు ఆనించింది. తుడిస్తే బాగవుతుందనుకుంది. నీళ్ళు లోపలికి పోయాయని దానికేం తెలుసు? సారుకూ తెలియలేదు. అన్ని చోట్లా తీగ పొడిగానే ఉంది, అన్ని ముడులూ బిగుతుగానే ఉన్నాయి, కానీ మిషన్లు మాట్లాడవు.

సాయంత్రం కుళాయి దగ్గర కంచాలు కడుగుతూ అది నాకు మొత్తం చెప్పింది. చెబుతున్నంతసేపూ కడిగిన కంచాన్నే మళ్ళీ కడుగుతూ ఉంది. "టీసీ ఇస్తే మా అక్క పక్కన నాకూ పీట ఏస్తారు మే" అంది. చెప్పమనాలా, వద్దనాలా? చెప్పమనడానికి అది మా అవ్వ పురుగులిల్లు కాదు. దాచమంటే పొద్దునకల్లా తెలిసిపోతుంది, అప్పుడింకా పెద్ద దెబ్బ. దాని చేతిలోంచి కంచం తీసుకుని కడిగినవాటి మీద పెట్టాను.

మరునాడు పొద్దున ప్రార్థన అయ్యాక ఎవరినీ కదలొద్దన్నారు. పెద్దమేడమ్ వరండా మెట్ల మీద నిలబడింది. సారు పక్కన నిద్రలేని కళ్ళతో, మేడమ్ వైపు చూడకుండా నిలబడి ఉన్నాడు. దాతలు మధ్యాహ్నానికి వస్తారని, వాళ్ళ ముందు బడి పరువు పోతే ఆ పాపం చేసినవాళ్ళను వదిలేది లేదని, చేసిందెవరో ఇప్పుడే బయటికి రావాలని, చేసినవాళ్ళకు టీసీ రాసి పెట్టి ఉందని ఆమె ఒక్కొక్క మాటా వత్తి చెప్పింది. వస్తే టీసీ అని చెప్పి రమ్మంటే ఎవరొస్తారు? ఎండ కాళ్ళ మీదికి పాకుతోంది. తాళాల గుత్తి ఒకసారి గల్లుమంది. మునిరత్న నా వైపు ఒకసారి చూసింది. తర్వాత వరసలోంచి బయటికి వచ్చింది.

"ఈడుండాది మేడమ్" అంది. గొంతు సన్నగా ఉంది కానీ అందరికీ వినబడింది. "తీగ కొన బిరడాలోకి నీళ్ళు పోయినాయి. చీమలకని గిన్నెలు పెట్టింది నేనే."

అని, అరచెయ్యి చాపింది.

ఆ చెయ్యి ఏం అడుగుతోందో ఆ వరండాలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వేళ్ళు కొంచెం వంచి, దోసిలిలా, మా పురుగులింట్లో చాపినట్టే చాపింది. పెద్దమేడమ్‌కు మాత్రం అది దెబ్బలకు చాపిన చెయ్యే. ఆమె అంతకంటే ఏమీ ఆలోచించలేదు. బెత్తం పైకి లేచింది. సారు ఆ మాట వినగానే లోపలికి పరుగు తీశాడు. బిరడా ఊడదీసి, దూదితో తుడిచి, ఆరబెట్టి బిగించడానికి ఎంతో సేపు పట్టలేదు. లోపలినుంచి పెద్ద పిల్లలు "వచ్చింది, వచ్చింది" అని కేకలు వేశారు. బయట బెత్తం ఇంకా ఆగలేదు.

మధ్యాహ్నం దాతలు వచ్చారు. ఒక పిల్ల ఒక మిషన్లో వాక్యం రాస్తే అవతల కనబడింది, వాళ్ళు చప్పట్లు కొట్టారు, లడ్లు తిన్నారు. రాసింది మునిరత్న కాదు. దాని వేళ్ళు వంగే స్థితిలో లేవు. ఆ సాయంత్రమే సారు వరండాలో నా పక్కనుంచి పోతూ ఆగి, ఆ పిల్ల చెప్పకపోయుంటే నాకు ఈ జన్మలో దొరికేది కాదమ్మా అన్నాడు. ఆ మాట మేడమ్‌తో చెప్పండి సార్ అనాలని నాకు నోటిదాకా వచ్చింది, ఆయన అప్పటికే వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయనకూ ఉద్యోగం, ఆయనకూ తాళాల గుత్తి చప్పుడు. రెండో రోజు మునిరత్న నాయన వచ్చి, ఆఫీసు గది ముందు చేతులు జోడించుకుని చాలాసేపు నిలబడి, చివరికి కాగితం తీసుకుని కూతురి పెట్టె భుజానికెత్తుకున్నాడు. గేటు దగ్గర మునిరత్న నన్ను పట్టుకుని ఏడవలేదు. "అవ్వకు మాత్రం చెప్పొద్దు మే" అంది. అంతే.

నేను చెప్పేశాను. సెలవులకు పోయిన రోజే, అవ్వ ఆకు తరుగుతుంటే అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను, మేడమ్‌నో సారునో. ఆమె కత్తిపీట పక్కకు జరిపి, చెంగు ముడి విప్పి, బెల్లం ముక్క తీసి గోడ గూట్లో పెట్టింది. ఆ బిడ్డ వస్తే ఇస్తానంది. మళ్ళీ ఆకు అందుకుంటూ, "మీ బడి పంట నిలవదు పాపా, సూస్తా ఉండు" అంది. అది శాపం కాదు. పురుగులు మేపినవాళ్ళకు అది లెక్కలాగే తెలుసు.

అట్లే అయింది. మునిరత్న పోయిన తర్వాత కంప్యూటర్ గదిలో ఎవరూ ఏమీ చెప్పడం మానేశారు. మీట ఊడిపోతే జిగురుతో అంటించి పెట్టేవాళ్ళు. ఒకరి ఫైలు పొరబాటున చెరిగిపోతే నోరు మూసుకుని జరిగి కూర్చునేవాళ్ళు. ఎవరో బయటినుంచి ఆటల ఫ్లాపీ తెచ్చి పెట్టారు, తర్వాత తెరల మీద తిక్క గుర్తులు రావడం మొదలైంది. రోజూ గదిలో అందరం చూశాం. ఎవరికి వాళ్ళం మన బల్ల కాదులే అనుకున్నాం. సారుకు తెలిసేసరికి ముందు బల్ల మీది పెద్ద మిషన్లో ఏమీ మిగల్లేదు. మూడు తరగతుల పిల్లలం రాసుకున్నదంతా పోయింది. మునిరత్న రాసుకున్నవి కూడా అందులోనే ఉండేవి. ఆమె పేరుతో ఒక ఫోల్డరు ఉండేది, సారు దాన్ని తీసెయ్యలేదు. పెద్దమేడమ్ ఆ కంప్యూటర్ గదికి తాళం వేసింది, నేను బడి వదిలేదాకా ఆ తాళం తియ్యలేదు.

చాలా ఏళ్ళకు, పెళ్ళయి కుప్పం వచ్చిన కొత్తలో, రైల్వే స్టేషన్లో ఎవరో "మే, రెడ్డిరాణీ" అని పిలిచారు. ఆ పేరుతో, ఆ "మే"తో నన్ను పిలిచేవాళ్ళు ఎవరూ మిగలలేదు. తిరిగి చూస్తే మునిరత్న. కొన్నేళ్ళు అక్క పక్కన పీట మీద కూర్చుని, అది వదిలేసి, ఇప్పుడు బెంగళూరులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి రోజూ రైల్లో పోయి వస్తోందట. నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళ కొనలు తెల్లగా, మొద్దుబారి, గోళ్ళు అరిగిపోయి ఉన్నాయి. నేను వాటినే చూస్తున్నానని తెలిసి వెనక్కి తీసుకుంది. అవ్వ ఎట్లుందని అడిగింది. పోయిందని చెప్పాను. పట్టాల వైపు చూస్తూ, "మీ మేడమ్ నాకొక బెల్లం ముక్క బాకీ ఉండాది గదా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ప్లాట్‌ఫారం మీద అందరి ముందర ఏడ్చాను, అది నా వీపు నిమురుతూ నిలబడింది. రైలొస్తే ఎక్కి పోయింది.

మొన్న హాసిని బడిలో ఆ కాగితం మీద నేను వెతికిన మాట ఇదే. జరిగింది తామే వచ్చి చెప్పినవాళ్ళను ఏమీ అనం. ఆ ఒక్క మాట తప్ప అన్నీ ఉన్నాయి. ఇప్పుడు తీగలు లేవు, బిరడాలు లేవు, చీమలెక్కే బెంచీలు లేవు, కాళ్ళు కడుక్కునే పనీ లేదు. బెత్తాలు కూడా లేవంటున్నారు, సంతోషం. కానీ అప్పుడు లోపం గది నాలుగు గోడల మధ్యే ఉండేది, ఇప్పుడు అది పిల్లల వెంట ఇంటికొస్తుంది, పక్కలోకొస్తుంది. దాచుకోవడానికి చోటు ఎక్కువైంది, భయం మాత్రం ఆవగింజంత కూడా తగ్గలేదు.

సంతకాలు చేసి వచ్చిన ఆ సాయంత్రం నేను వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే హాసిని వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఆ కాగితంలో రాసినట్టు నిజంగానే చేస్తారా అని అడిగింది. ఏం చేస్తారని నేను అడిగాను. చాలాసేపు గోడ గీకి, తర్వాత ఒక్కసారిగా చెప్పేసింది. స్నేహితురాలికి తన పాస్‌వర్డ్ చెప్పిందట. ఆ పిల్ల దీని పేరుతో లోపలికి పోయి, తరగతిలో అందరూ చూసే చోట ఇంకో పిల్ల గురించి రాయరాని మాటలు రాసిందట. అది చదివిన పిల్ల బడికి రావడం లేదు. ఎవరు రాశారని అడిగితే హాసిని పేరు వస్తుంది. ఇన్నాళ్ళూ ఇది లోపలే పెట్టుకుని అన్నం తిన్నది, నవ్వింది, నా పక్కన కూర్చుని సంతకం చేసింది.

మా అవ్వ నోరు నాకూ వచ్చింది. బుద్ధుందా నీకు, అనే మాట నాలుక చివర ఉంది, దాని వెనక ఇంకో పది మాటలు వరస కట్టి ఉన్నాయి. భయం కూడా ఉంది, నా బిడ్డ పేరు, నా బిడ్డ బడి. చిక్కుడుకాయలు వదిలేసి లేచి వంటింట్లోకి పోయాను. డబ్బాల వెనక డబ్బా వెతికి, మూత తీసి, కావలసింది గుప్పిట్లో పట్టుకుని, రేపు పొద్దున బడికి ఇద్దరం కలిసే పోవాలని, ముందు నేనే నోరు తెరవాలని అనుకుని బయటికి వచ్చాను.

"చెయ్యి చాపు" అన్నాను.

హాసిని నా మూసిన గుప్పిట చూసింది. రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, చెయ్యి చాపింది.